గోడవైపు తిప్పిన కుర్చీ

చల్లపల్లి బడిలో మూడో తరగతి చెప్పే క్రిస్టినా టీచర్, హాజరు వేసేటప్పుడు పేరు పిలిచి పిల్లల పెదాల వైపు చూస్తారు. ఎవరైనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడితే దగ్గరికి వెళ్లి మెల్లగా ఆ చెయ్యి దించుతారు. మొన్న ఒక పాప బాత్రూమ్‌కి వెళ్తానని మూడుసార్లు అడిగి, జవాబు రాక కూర్చున్నచోటే బట్టలు తడుపుకుంది. మర్నాడే టీచర్ విజయవాడ వచ్చి వినికిడి పరీక్షకు కూర్చున్నారు. అద్దాల గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కాలి. ఆమె చకచకా నొక్కుతూనే ఉన్నారు. అద్దం అవతల నుంచి పరీక్ష చేస్తున్న శ్రీలలిత అనుమానంతో లోపలికి వచ్చింది. "మేడమ్, మీరు నా చెయ్యి చూసి నొక్కేస్తున్నారండీ," అంటూ కుర్చీని గోడవైపు తిప్పింది. ఆ తర్వాత మీట అప్పుడప్పుడే కదిలింది.

పరీక్ష కాగితం మీద వినికిడి గీత మొదట్లో బాగానే నడిచి, సన్నని శబ్దాల దగ్గర ఒక్కసారిగా కిందికి జారింది. "మాట వినిపిస్తుందండీ, కానీ స, ష లాంటి అక్షరాలు అందవు. పోయిన వినికిడి మందులతో తిరిగి రాదు. చెవికి మిషన్ పెట్టుకుంటే కొంత నయం," అంది శ్రీలలిత.

"మరి పిల్లల గొంతులండీ?"

శ్రీలలిత గీత జారిపోయిన చోట వేలు పెట్టింది. టీచర్ ఆ వేలినే చూస్తూ ఉండిపోయారు. తలవంచి రాసుకుంటూ శ్రీలలిత, "మీతో ఎవరైనా వచ్చారాండీ?" అని అడిగింది.

"అలాగేనండీ," అన్నారు టీచర్ చిరునవ్వుతో.