నిలబెడతానన్న గేదె

ఆ రోజుల్లో పశువుల డాక్టరు చదివానంటే జనం సంతోషించేవారు, వాళ్ళింటి కుక్క అన్నం మానేసిన సంగతి చెప్పేవారు, నేను అనాటమీలో చేరానని తెలియగానే మాట మార్చేవారు. తప్పు వాళ్ళది కాదు. పశువుల శరీర నిర్మాణం నేర్పే పంతులు ఏం చేస్తాడో మా అమ్మకే సరిగ్గా తెలియదు. చచ్చిన మేక కుళ్ళిపోకుండా మెడలోంచి మందు ఎక్కించడం, ధమనుల్లో ఎర్ర రంగూ సిరల్లో నీలి రంగూ నింపడం, పిల్లలకు కండ తర్వాత కండ విప్పి చూపడం, మిగిలిన ఎముకల్ని ఉడకబెట్టి, తోమి, ఎండబెట్టి, తీగలతో కట్టి మళ్ళీ జంతువు ఆకారానికి తేవడం, ఎప్పుడైనా పోలీసులు సంచి పట్టుకొచ్చి "ఇది మేకా, జింకా?" అంటే తేల్చి చెప్పడం. ఇదీ నా ఉద్యోగం. మల్కాపురంలో మా వీధి మొత్తానికి అమ్మ "మావోడు కాలేజీలో అస్థి చూసుకుంటన్నాడు" అని చెప్పుకునేది. వాళ్ళు ఆస్తి అనుకుని నాకు కుర్చీ వేసేవారు. (సంబంధాలు తెచ్చే పెద్దమనిషి కూడా అలాగే అనుకుని రెండుసార్లు వచ్చాడు. ఒత్తు ఎక్కడుందో తెలిశాక మూడోసారి రాలేదు.)

నాది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఆ ఏడు పొడిగింపు ఒక గేదె మీద ఆధారపడింది. మూడు నెలల్లో తనిఖీ బృందం వస్తోంది. మా మ్యూజియంలో గుర్రం నిలబడి ఉంది, ఆవు ఉంది, పంది కూడా ఉంది. ఇంటింటా పాలు పోసే గేదె అస్థిపంజరం మాత్రం లేదు. (ఉన్న ఒక్కటీ కింది చెక్కకు చెద పట్టి ఓ వానాకాలం కుప్పకూలింది. చచ్చినది మళ్ళీ చావడం నేను చూసింది అప్పుడే.) మా శాఖాధిపతి, మేం పెద్ద సారు అని పిలుచుకునే ఆయన, నన్ను కళ్ళజోడు మీదుగా చూసి "గేదె నిలబడితే నువ్వూ నిలబడతావోయ్" అన్నారు. ఇక ఆ రోజు నుంచి ఎవరు కనిపించినా నా పలకరింపు ఒకటే: "మీ వైపు గేదె పోతే కాస్త చెప్పండి." ఇలా పలకరించే మనిషిని ఎవరు మాత్రం ఇంటికి పిలుస్తారు? మా బావ ఒక్కడు తప్ప. బావంటే మా అక్క మొగుడు. పోర్టులో క్రేను నడుపుతాడు, ఇల్లు యారాడలో. ఒక పొద్దున్న ఫోను చేశాడు.

"బావా! మా పాల మామ్మ గేద పడిపోనాది! బేగి రా బావా, నువ్వు..."

అంతే, కొండ అడ్డం వచ్చి సిగ్నలు పోయింది. "పడిపోనాది" అనే మాటలో నా చెవికి కావలసింది "పోనాది" మాత్రమే. కత్తులూ రంపాలూ ఉన్న సంచి స్కూటరు ముందు పెట్టుకుని, కాలేజీ వ్యాను వెనకాల పంపమని చెప్పి, ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఈల వేసుకుంటూ ఎక్కేశాను. శల్యాల కోసం చేసిన సారథ్యం కనక దాన్ని శల్యసారథ్యం అనడమే న్యాయం.

పాల మామ్మ గుమ్మంలో కూలబడి కళ్ళు తుడుచుకుంటోంది. మా అక్కావాళ్ళ వీధికంతా ఆవిడే పాలు పోస్తుంది. పశువుల పాక ఇంటి వెనక ఉంది, బావ అక్కడున్నాడు. ముందు మనిషిని ఓదార్చడం మర్యాద కదా అని నేను మెట్టు మీద కూర్చున్నాను.

"ఏడవకు మామ్మా. మా కాలేజీకి అప్పగించావంటే నేను నిలబెడతాను."

ఆవిడ కొంగు తీసి చూసింది. "నిలబెడతావేటి బాబూ! నిజవేనా?"

"నాలుగు కాళ్ళ మీదా. ఇంక జన్మలో పడదు. వెన్నులోంచి ఇనప కడ్డీ వేస్తాం కదా."

"కడ్డీయేటి బాబూ?" అని కాస్త కంగారు పడి, మళ్ళీ తనే సర్దుకుంది. "పోనీలే, పెద్ద సదువు సదివినోడివి. ఏటైనా సెయ్యి. దాని మీదే బతుకుతన్నాను. మొన్ననే ఈనినాది."

"దుమ్ము పడకుండా అద్దాల గదిలో పెడతాం మామ్మా."

"అద్దాల గదే! ఏసీ కూడా ఉంటాదా?"

ఇద్దరం ఎంతో తృప్తిగా పాకలోకి వెళ్ళాం. గేదె పడుకుని ఉంది. మెడ డొక్క వైపు తిప్పేసుకుంది. నన్ను చూసి నెమ్మదిగా కన్ను ఆర్పింది. నా వృత్తి జీవితంలో కన్ను ఆర్పిన మొదటి గేదె అదే. మామ్మ దాని నుదురు నిమురుతూ "డాట్రు బాబొచ్చినాడే, నిన్ను నిలబెట్టేత్తాడంట" అని శుభవార్త చెప్పింది.

"ఇది బతికే ఉంది కదా బావా!" అన్నాను గుసగుసగా.

"బతికుండబట్టే కదేటి డాట్రుని పిలిసినాను? సచ్చిపోతే నువ్వెందుకు, జేసీబీ సాల్దా?"

సంచి మెల్లగా కాలితో గడ్డి కిందకు తోసేశాను. మా బ్యాచ్‌లో మొదట వచ్చినావిడ తగరపువలస దగ్గర పశువుల ఆస్పత్రిలో పనిచేస్తోంది. ఆవిడొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఫోనులోనైనా అడుగుదామంటే సిగ్నలు డాబా మీదే ఉంది. బావ పైకెక్కి, ఆవిడ మాటల్ని తన భాషలోకి మార్చి కిందకు విసరడం మొదలుపెట్టాడు.

"సెవులు సల్లగున్నాయా అంటన్నారు!"

"చల్లగానే ఉన్నాయి!"

"అయితే ఈనినాక కాల్షియం పడిపోనాదంట! సీసా తెచ్చి మెడ నరంలోకి ఎక్కించమంటన్నారు. నిమ్మళంగా, గుండె ఇనుకుంటా ఎక్కించాలంట. తొందరపడితే..." బావ ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. "తొందరపడితే నీకు కావాల్సిన అస్థిపంజరం దొరికేత్తాదంట! అంటే ఏటి బావా?"

"మందు పేరు మామ్మా," అన్నాను నేను, పక్కనున్నావిడతో.

బావ నా స్కూటరు మీద మల్కాపురం పోయి మందు సీసా, గొట్టం, సూది తెచ్చాడు. మెడ సిర వెతకడం నాకు కష్టం కాలేదు. అందులో ఎన్ని సీసాల నీలి రంగు నింపలేదు! అయితే ఈసారి సూది దించగానే వెచ్చటి రక్తం వచ్చేసరికి, అది నీలంగా లేదేమిటా అని ఒక్క క్షణం తెల్లబోయాను. నా దగ్గర స్టెతస్కోపు లేదు (నా పేషెంట్లకు దాని అవసరం ఎప్పుడూ రాలేదు). అందుకని గేదె ఎడమ మోచేతి వెనక, పక్కటెముకల మీద చెవి ఆనించి పడుకున్నాను. ఆ గుండెను చేతిలో పట్టుకుని, నాలుగు గదులుగా కోసి, ఎన్ని వందల మందికి చూపించానో. అది చప్పుడు చేస్తుందన్న సంగతే మరిచిపోయాను. అబద్ధమెందుకు, సీసా ఎత్తిపట్టిన చెయ్యి ఒకసారి నా ఉద్యోగాన్ని తలుచుకుంది. కాస్త పైకెత్తితే చాలు, మందు దూకుతుంది. చెవిలో గుండె గబగబా కొట్టుకుంది. అది గేదెదో నాదో తెలియలేదు. చెయ్యి కిందకు దించాను. చుక్క తర్వాత చుక్కగా, సీసా అయ్యేసరికి నా మెడ గేదె మెడలాగే పక్కకు తిరిగిపోయింది.

కాసేపటికి గేదె ఒళ్ళు వణికింది. త్రేన్చింది. కృతజ్ఞతగా నా బూట్ల మీద పేడ వేసింది. మొదట వెనక కాళ్ళు, తర్వాత ముందు కాళ్ళు సర్దుకుని, లేచి నిలబడింది.

"నిలబెడతానన్నాడు, నిలబెట్టేసినాడు!" అని మామ్మ వీధంతా వినేలా అరిచింది. "కడ్డీ కూడా ఎయ్యనేదు!"

కాలేజీ వ్యాను ఖాళీగా తిరిగిపోయింది. మర్నాడు పెద్ద సారు బల్ల మీద ఎముకలకు బదులు స్టీలు క్యారేజీలో జున్ను పెట్టి, జరిగిందంతా చెప్పాను. ఆయన రెండు చెంచాలు తిని, మూత పెట్టి, క్యారేజీ ఇంటికి పట్టుకెళ్ళారు. నా ఉద్యోగం సంగతి ఆ మూత కిందే ఉండిపోయింది. ఆ తర్వాత మూడు నెలలూ ఎంత తిరిగినా ఒక్క గేదె నా మొహం చూసి చావలేదు. తనిఖీ వాళ్ళు వచ్చారు. గుర్రాన్ని చూశారు, ఆవును చూశారు, ఆగారు.

"గేదె అస్థిపంజరం లేదా?"

"ఉందండీ, యారాడలో," అన్నారు పెద్ద సారు. "పూర్తిగా ఉంది. ఒక్క ఎముకా తప్పిపోలేదు."

"మరి తెప్పించలేదేం?"

"ఇంకా గేదె వాడుకుంటోందండీ."

నేను గుర్రం వెనక్కి జరిగి నిలబడ్డాను. వాళ్ళలో ఒకాయన నవ్వాడు, ఇంకొకాయన కాగితం మీద ఏదో రాశాడు. నవ్వినాయన మాట నెగ్గినట్టుంది, నాకు ఆరు నెలలు పొడిగించారు. ఆ ఆరు నెలలే మెల్లగా ఇన్నేళ్ళయ్యాయి. ఇప్పుడు పెద్ద సారు కుర్చీలో నేను కూర్చుంటున్నాను. మొదటి రోజు కొత్త పిల్లల్ని కోత బల్ల దగ్గరకు తీసుకెళ్ళేముందు, బయట కట్టేసిన కాలేజీ ఆవు పక్కటెముకలకు చెవి ఆనించమంటాను. మూతులు ముడుస్తారు, ఫోటోలు దిగుతారు, తర్వాత ఒక్కొక్కరే కళ్ళు మూసుకుని వింటారు. మొన్న ఒకమ్మాయి చెవికి అంటిన రోమాలు దులుపుకుంటూ "సార్, ఇది సిలబస్‌లో ఉందా?" అని అడిగింది. కత్తుల సంచితో ఈల వేసుకుంటూ కొండెక్కిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

"నేను చదివినప్పుడూ లేదమ్మా," అన్నాను. "మధ్యలో కలిపారు."