చాచా కారులో మంచి మూటలం

నా చిన్నప్పుడు మా వైపు కారెక్కడమంటే పెళ్లికొడుక్కి మాత్రమే దక్కే భోగం. అలాంటిది, పాన్‌గల్ దగ్గరున్న మా ఊళ్లో ఒక పొద్దున పక్కింటి చాచా తన పాత కారును మా వాకిట్లో ఆపి, "పిల్లలందరు ఎక్కుండ్రి" అన్నాడు. మేం నమ్మేలోపే మా తమ్ముడు కిటికీలోంచి లోపలికి దూరాడు.

నిజానికి ఆ కారు మా చిన్నమ్మ కోసం వచ్చింది. ఆమెకు అంతకుముందు రెండు కాన్పులూ నెలలు నిండకుండానే పోయాయి. ఈసారి ఏడో నెల. కుదుపులు తగలకుండా వనపర్తి దవాఖానకు తీసుకుపోయి, కాన్పయ్యేదాకా అక్కడే ఉంచాలని ఊరి నర్సు చెప్పింది. దారి చూస్తే అన్నీ గుంతలే. ఎద్దుబండి మాటెత్తితేనే మా నాయనమ్మకు గుండె దడ. చిన్నమ్మ మాత్రం రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులు నాకిప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి.

మేం పొలోమని కారెక్కడం చూసి నాయనమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది.

"ఏందయ్యా, కడుపుతోటున్న పిల్లను దవాఖానకు తోల్కపోతున్నవా, జాతరకు పోతున్నవా?"

"పిల్లలు గావాలె అవ్వా. జర నా మీద భరోసా పెట్టు," అన్నాడు చాచా.

చిన్నమ్మను, నాయనమ్మను తన పక్కన ముందు సీట్లో కూర్చోబెట్టి, మమ్మల్ని వెనక సీట్లో పెబ్బేరు సంతకు తోలే మేకల్లా కుక్కాడు. ఎగరం, దూకం, కదలం అని మా అందరిచేతా ఒట్టేయించుకున్నాడు. చాచాకు మేమంటే ఎంత ప్రేమో అని నేను మురిసిపోయాను. కారు మెల్లగా పోతోంది. గుంత వచ్చినప్పుడల్లా చిన్నమ్మ కళ్లు మూసుకునేది, దాటాక తెరిచేది. వనపర్తి దగ్గర పడేసరికి మూయడం మానేసింది.

ఆమెను లోపల పడుకోబెట్టాక, మమ్మల్నెందుకు తెచ్చావని చాచాను అడిగాను. ఆయన మమ్మల్ని వంగి కారు కిందికి చూడమన్నాడు. వెనక చక్రాలు రెండింటినీ కలుపుతూ లావుపాటి ఇనుప ఇరుసు, దాని మీద బరువుకు వంగే కమాను పట్టీలు.

"రెంటికి ఒకటే ఇరుసు. ఒక చక్రం గుంతల వడితె రెండోదాన్ని గూడ గుంజుతది. బండి ఖాళీగుంటె ఇంకింత ఎగుర్తది. మీరు కూసుంటిరి, కమాను వంగింది, మెత్తగ వచ్చినం."

నాకు రోషం పొడుచుకొచ్చింది. "అంటే మేం మూటలమా?"

"మూటలే! మంచి మూటలు. ఉత్త మూటలైతే దొర్లుతయి, మీరు పట్టుకోని కూసున్నరు."

బొంబాయిలో తను ఒక సేటు కారు నడిపేవాడట. దాని ఇరుసును నడుమన కోసి ఏ చక్రానికి ఆ చక్రాన్ని విడగొట్టారట. గుంతల్లో హాయిగా పోయేదిగానీ, జోరుగా మలిపితే చక్రం లోపలికి మడుచుకునేదట. "దాని మీద ఇంక అకల్ వెట్టాలె," అన్నాడు, బుర్ర పెట్టే ఆ పని తనకే అప్పజెప్పినట్టు.

చిన్నమ్మకు నెలలు నిండాకే ఆడపిల్ల పుట్టింది. అది కారు చలవో, దవాఖాన చలవో నాకు తెలియదు. చాచా మాత్రం పోయేదాకా నన్ను 'మూటా' అనే పిలిచాడు.

ఆ పిల్లే మా చెల్లె. ఇప్పుడు ఆమెకూ మనవలున్నారు. పోయిన నెల వనపర్తిలో ఆమెకు కడుపు ఆపరేషన్ అయింది. ఇంటికి తీసుకుపోయే రోజు నేనూ తయారై వాళ్ల కారు దగ్గర నిలబడ్డాను. చాచా అన్న అకల్ ఎవరో పెట్టేశారు. ఒక్కో వెనక చక్రాన్ని నాలుగైదు కడ్డీలు విడివిడిగా పట్టుకుంటాయని, మలుపులో మడుచుకోనివ్వవని చెల్లె కొడుకు చెప్పాడు.

"నీకెందుకక్కా తిప్పలు? గీ కార్ల ఏ చక్రం దానిదే. బరువు అక్కర్లే," అంది చెల్లె నవ్వుతూ. ఆ కథ ఆమెకు కంఠతా వచ్చు.

"నోర్మూసుకోని జర జరుగు," అన్నాను.

చాచా కారెక్కిన ఆ రోజు మాకు వైద్యం తెలియదు, బండి నడపడం తెలియదు. పోయి కూర్చున్నాం, అంతే. అప్పటి నుంచి ఎవరికి ఏ కష్టమొచ్చినా, నా వల్ల ఏమవుతుందిలే అని నేను ఇంట్లో ఆగిపోలేదు. పోయి పక్కన కూర్చుంటాను.

కారు ఒక గుంతలో దిగి లేచింది. నాకైతే తెలియనే లేదు. చెల్లె మాత్రం రెండు చేతులూ కుట్ల మీద పెట్టుకుని, అచ్చం వాళ్లమ్మలాగే కళ్లు మూసుకుంది. నేను ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చున్నాను.