గౌలిపురల గీసిన ఇంగ్లీషోళ్ల యుద్ధనౌక

మొన్న పెన్షన్ కాగితం ఇయ్యనీకి బ్యాంకుకు పోతే టోకెన్ చేతుల పెట్టి కూసోమన్నరు. పక్కన పాతికేండ్ల మనిషి ఒకాయన ఫోన్ మీద ఏదో జరుపుతున్నడు. తొంగిచూస్తే యుద్ధనౌక. వేలితోటి ఫిరంగి ముందుకు తెస్తడు, మల్ల ఎనుకకు పెడ్తడు, పొగగొట్టం ఒకటి పీకేస్తడు. "ఏ దేశపుది బాబూ?" అని అడిగిన. "బ్రిటిష్ బ్యాటిల్‌క్రూజర్ అంకుల్. నిజంగ కట్టింది కాదు, నేనే డిజైన్ చేస్తున్న. ఊకె, హాబీ" అన్నడు. ఊకె హాబీ! ఆ మాటకు నా ఒళ్లంత మండింది. ఆయన తప్పేం లేదు, పాపం. కానీ ఆ మంటల నా టోకెన్ నంబరు పిలిచింది కూడ వినవడలే, ఇంకో గంట అక్కడ్నే కూసున్న.

నేను సర్కారు ఆఫీసుల నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గ చేసిన. పొద్దంత మోరీలు, కల్వర్టులు గీసుడే పని. పెండ్లి కాకముందు గౌలిపురల మా అక్క ఇంట్ల ఉండేటోణ్ణి. నాయిన పోయినంక నన్ను చదివిచ్చింది బావే. ఆ సంగతి నేనేడ మరుస్తనో అని వారానికొకసారి ఆయనే యాది చేసేటోడు. ఒక సెలవు దినం జుమేరాత్ బజార్ల పాత సామాన్ల కుప్పల అట్ట లేని ఇంగ్లీషు పుస్తకమొకటి కనవడ్డది. అంత యుద్ధనౌకల బొమ్మలే. నేను చెయ్యి పెట్టిన, అదే పుస్తకం మీద ఇంకో చెయ్యి పడ్డది. నాకంటె పదేండ్లు పెద్ద, మొఘల్‌పురాయన, ఒక మిల్లుల బాయిలర్ నడిపే మనిషి. "ఆప్ లేలో" అని ఆయన, "కాదు భాయ్, మీరే తీస్కోండ్రి" అని నేను. ఈ మర్యాదల లొల్లికి దుకాణపాయన విసిగిపోయి "ఇద్దరు కలిసి తీస్కపోండ్రి" అన్నడు. గట్లనే తీస్కపోయినం. ఒక వారం ఆయన ఇంట్ల, ఒక వారం మా ఇంట్ల.

ఆ పుస్తకంలనే తెలిసింది, మొదటి పెద్ద యుద్ధం అయినంక దేశాలన్ని కూడి ముప్పై ఐదు వేల టన్నులు దాటిన యుద్ధనౌక కట్టొద్దని ఒప్పుకున్నయని. బ్యాటిల్‌క్రూజర్ అంటె పెద్ద ఫిరంగులు, మస్తు వేగం; ఆ వేగం కోసం పక్కలకు కొట్టే ఉక్కు పల్చన. ఆ బరువులనే ఇంగ్లీషోళ్లు కొత్తది ఒకటి కట్టుంటె ఎట్లుండేదని భాయ్ అడిగిండు. ఇగ మొదలైంది. ఐతారం ఐతారం మా మిద్దె మీది అర్రల డ్రాయింగ్ బోర్డు, టీ-స్క్వేర్, కింద పక్కింటి బర్రెల వాసన. ఇద్దరిల ఒక్కరం కూడ సముద్రం చూడలే. ఫిరంగులు, గోడలు నావి. బాయిలర్లు, ఆవిరి, నీళ్లు ఆయనవి. ఆయన లెక్కలన్ని ఉర్దూల రాసేటోడు. నాకు చదవరాదంటె ఒక మధ్యాహ్నం కూసోబెట్టి ఉర్దూ అంకెలు నేర్పిండు. నన్ను ఇంజినీర్ సాబ్ అని పిలిచేటోడు, అది నాకు మస్తు ఇష్టముండె. "తెల్లోళ్లు పోయి ఇరవై ఏండ్లు దాటె, ఇప్పుడు వాళ్లకు ఓడ కట్టుడేంది?" అని మా అక్క నవ్వితె, "కట్టుడు కాదక్కా, వాళ్ల తప్పులు దిద్దుతున్నం" అన్నడు భాయ్. ఏడాదిన్నర పట్టింది. ఆరు ఫిరంగులు, అవి తిరిగే మూడు బురుజులు, నిలువు కోత బొమ్మ, అడ్డ కోత బొమ్మ, అన్ని ఇంకు పెట్టిన. నా ఉద్యోగంల గంత మంచి గీత నేను మల్ల గీయలే.

మా బావకు ఇది నచ్చకపోతుండె. భాయ్‌కు వేరే కప్పుల చాయ్ పొయ్యమనేటోడు. అక్క పోసేది, నేను చూస్తూ ఊకునేటోణ్ణి. అక్కడ్నే నోరు తెరవవలసి ఉండె. డెబ్బై ఒకటిల పాకిస్తాన్ తోటి యుద్ధం మొదలైంది. వాడంత రేడియోల చుట్టు. ఒక ఐతారం మధ్యాహ్నం మేం చుక్కాని కాడ తకరార్ చేస్తుంటె పోలీసోళ్లు మెట్లెక్కి వచ్చిండ్రు. నక్షాలు చుట్టచుట్టి, మా ఇద్దర్ని జీపుల ఎక్కిచ్చిండ్రు.

ఠాణల ఎస్సై నక్షా టేబుల్ మీద పరిచిండు. "సముద్రం లేని ఊర్ల యుద్ధ ఓడ ఎందుకు గీస్తున్నరు?"

"ఇది లేని ఓడ సార్. ఇంగ్లీషోళ్లది. సరదాకు గీసినం."

"లేని ఓడకు గిన్ని లెక్కలెందుకు? ఈ ఉర్దూ రాత ఎవరిది?"

"నాదే సాబ్" అన్నడు భాయ్, ఏ బెరుకు లేకుంట.

ఎస్సై నన్ను వేరే అర్రకు తీస్కపోయి కుర్చేసిండు, చాయ్ తెప్పిచ్చిండు. "మీ బావ మాకు ముందే అంత చెప్పిండు. నువ్వు అమాయకునివి, ఆ మనిషే నీతోటి గీయిస్తున్నడంట. సర్కారు నౌకరి ఉన్నది, పెండ్లి కావాలె. ఈ కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి పో" అన్నడు. కాగితంల మూడు మాటలే. బొమ్మ గీసింది నేను. ఉర్దూ రాత ఆయనది. ఆ రాతల ఏమున్నదో నాకు తెల్వదు.

తెల్వదా! ఒక్కొక్క అంకె నాకు తెలుసు. ఏ బాయిలర్ ఎంత బరువో, ఏ గొట్టంల ఎంత ఆవిరో, అన్ని తెలుసు. అయినా సంతకం పెట్టిన. చాయ్ కూడ తాగిన.

ఇంటికొస్తె బావ అన్నం ముందట కూసొని "చూసినవా, నిన్ను కాపాడిన" అన్నడు. పళ్లెం తీసి గోడకు కొట్టిన. "నువ్వు నన్ను కాపాడలే బావా. నీ అబద్ధం తెచ్చి నా నోట్లె పెట్టినవ్!" అని అరిచిన. అక్క ఏడ్చింది. పళ్లెం గోడకు కొట్టే ధైర్యం ఠాణల ఏడ వోయిందని నన్ను నేను అడగలే, అప్పుడు.

మూడోనాడు ఆ పాత పుస్తకం పట్టుకొని ఠాణకు పోయి, ఓడలు ఇందుల చూసే గీసినమని చూపెట్టిన. ఉర్దూ వచ్చిన హెడ్ కానిస్టేబుల్ ఒకాయనను పిలిచి చదివిపిచ్చిండ్రు. నీళ్లు, ఆవిరి, టన్నులు, గింతే. నాలుగోనాడు భాయ్‌ని వదిలిండ్రు. నక్షాలు ఇయ్యలే. మిల్లోళ్లేమో పోలీసులు తీస్కపోయిన మనిషి బాయిలర్ కాడ వద్దని పనిలకెల్లి తీసేసిండ్రు.

మొఘల్‌పురకు పోయి తలుపు కొట్టిన. భాయ్ గడప దాటి బయటికొచ్చిండు, లోపలికి రమ్మనలే. మొకం పీక్కపోయింది.

"నీ కాగితం ఠాణల నాకు చదివి వినిపిచ్చిండ్రు. మూడో మాట నువ్వే చెప్పినవా?"

"వాళ్లు రాసిండ్రు భాయ్. నేను సంతకం పెట్టిన."

"అంకెలు నేనే నేర్పిన గదా" అన్నడు, మెల్లగ. తిట్టినా బాగుండు, కొట్టినా బాగుండు. "ఇంటికి పోండ్రి సార్" అని తలుపేసుకున్నడు.

సార్ అన్నడు నన్ను.

నెల తిరగకముందే ఛత్రినాకల అర్ర కిరాయికి తీస్కొని అక్క ఇల్లు వదిలిన. భాయ్ స్టవ్‌లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నడు. పదిహేనేండ్లు ఆ ముందటికెల్లి పోతుంటి. సలాం అంటె సలాం, అంతకు మించి మాట లేదు. ఎనభైల చివర ఆయన పోయిండని తెలిసి ఉరికిన. జనాజకు భుజం పట్టిన. ఆయన పెద్దకొడుకు పక్కకొచ్చి "మీరెవరు?" అని అడిగిండు. "దోస్తును" అన్న. ఇంకో అబద్ధమేమో, నాకిప్పటికీ తెల్వదు.

ఏండ్లు గడిస్తె కోపం దిగుతదనుకున్న. అప్పట్ల అది బావకింత, ఎస్సైకింత, మిల్లోళ్లకింత అని పంచి పెట్టుకుంటి. ఒక్కొక్కరే పోయిండ్రు, ఎవరి వంతు వాళ్లు నాకే ఇచ్చి పోయిండ్రు. ఇన్నేండ్ల కాలం నా కోపాన్ని తగ్గియ్యలే, దాన్ని పెట్టుకునేటందుకు నన్నొక్కణ్ణే మిగిలిచ్చింది.