పీతలు తలుపులేసుకున్న సాయంత్రం

దయ్యాలంటే నాకు మొదట్నుంచీ లెక్కలేదు. కెనడాలో, వాంకూవర్ పక్కనున్న సర్రీలో మేం ఐదుగురు అమ్మాయిలం కలిసి అద్దెకున్న బేస్‌మెంట్‌లో, గోడలోంచి టకటకమని చప్పుడొచ్చేది. మిగతా నలుగురూ ఒకే దుప్పట్లో దూరి దేవుళ్ళందరినీ తలుచుకుంటుంటే నేను టార్చి పట్టుకుని వెళ్ళి, హీటర్ పైపు వదులైందని కనిపెట్టి గుడ్డ చుట్టి వచ్చా. చప్పుడు ఆగింది. అప్పట్నుంచీ నన్ను 'భూతవైద్యురాలు' అని ఏడిపించేవాళ్ళు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది బెదురుగొడ్డు చెప్పే మాట కాదని ముందే చెప్తున్నా.

ఆ రోజుల్లో కెనడా వచ్చే ప్లేన్ నిండా మన పిల్లలే. అందరూ బిజినెస్సో కంప్యూటర్లో చదవడానికి వస్తే నేను మాత్రం మడ అడవుల మీద రీసెర్చికి వచ్చా. "మడ అడవులు కాకినాడలో పెట్టుకుని కెనడా ఎందుకు పోయిందమ్మా ఇది?" అని ఖమ్మంలో మా బాబాయి ఇప్పటికీ అడుగుతాడు. ఆ పని మీద పట్టున్న ప్రొఫెసర్ ఇక్కడున్నారు బాబాయ్, అంతే.

ప్రాజెక్టులో పని రెండు ముక్కలు. కాకినాడ పక్కన కోరంగి బురద మేటల్లో ఏయే జీవాలు బతుకుతున్నాయో, ఎక్కడ తగ్గిపోతున్నాయో లెక్క తీసేది పద్మక్క. కాకినాడ మనిషి, నాకంటే సీనియర్. చదువులోనే కాదు, నాకిక్కడ జ్వరమొస్తే అక్కణ్ణుంచి ఫోన్‌లో తిట్టి మరీ చారు పెట్టించిన మనిషి. అక్కడి నుంచి పర్మిట్ల మీద తెచ్చిన పీతల్ని ల్యాబ్‌లో చూసుకునేది నేను.

బొటనవేలంత బురద పీతలు అవి. మగవాటికి ఒక డెక్క మరీ పెద్దగా ఉంటుంది, దాన్ని ఊపుతూ షోకు చేస్తుంటాయి. నీళ్ళు తీసినప్పుడు బయటికొచ్చి మేస్తాయి. పోటు వచ్చే ముందు కన్నంలోకి దూరి, పైన మట్టి ఉండతో మూత పెట్టుకుంటాయి. మేం వాటి ట్యాంకులో నీళ్ళు కోరంగి ఆటుపోట్ల ప్రకారమే పంపుతో ఎక్కించి దించేవాళ్ళం. అక్కడ ఆటైతే ఇక్కడా ఆటే. బయట వాంకూవర్ వాన కురుస్తున్నా, మా పీతలకి మాత్రం కాకినాడ టైమే.

ఆ రోజు సాయంత్రం ట్యాంకులో నీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి. పీతలన్నీ బయటే ఉండాలి. నేను టీ తెచ్చుకుని వచ్చేసరికి ఒక్కటీ లేదు. అన్ని కన్నాలకీ మూతలు.

పంపు ఏమన్నా మొరాయించిందా అని చూశా. లేదు. ట్యాంకు హీటర్ బాగుంది, నీళ్ళలో ఉప్పు సరిగ్గానే ఉంది. ఎవరైనా ఘాటు మందేసి నేల తుడిచారా అని వంగి వాసన కూడా చూశా. స్కైట్రైన్ అనే సిటీ రైలు అదురు అనుకుందామా అంటే ఆ లైను చాలా దూరం. ట్యాంకులో పోటుకి ఇంకా గంటల టైముంది. అన్నీ సరిగ్గా ఉండి, పీతలు మాత్రం తలుపులేసుకుని కూర్చున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది, కోరంగిలో తెల్లవారింది. ఆటు చూసుకుని పద్మక్క మేట మీద దిగే వేళ అది. ఆ బురదలో మోకాళ్ళ దాకా కూరుకుపోతాం. నడవడమే గగనం, ఇక పరిగెత్తడం మాట చెప్పక్కర్లేదు.

ఫోన్ చేశా. సిగ్నల్ దొరకడమే గొప్ప. "అక్కా, నా పీతలు మూతలేసుకున్నాయి. నావెక్కు."

పడిపడి నవ్వింది. "పిచ్చిమొహమా, కెనడా పీతలు మూతేసుకుంటే కాకినాడలో నేను నావెక్కాలా? ఇక్కడివి నా కాళ్ళ దగ్గరే మేస్తున్నాయి. ఆకాశం అద్దంలా ఉంది."

ఆవిడ అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. అక్కడి పీతలకే తెలియంది ఇక్కడివాటికి ఎలా తెలుస్తుంది? ఆవిడ స్థానంలో నేనుంటే ఫోన్ పెట్టేసేదాన్ని. కానీ నా ఎదురుగా మూతలన్నీ అలాగే ఉన్నాయి. చిన్నప్పట్నుంచీ ఒట్లంటే ఎగతాళి చేసే నేను, ల్యాబ్ మధ్యలో నిలబడి అరిచా: "నా మీద ఒట్టక్కా! ఇవి మూతలు తీసేదాకా నువ్వు నావ దిగితే నా మీద ఒట్టే!"

"ఛీ, అదేం మాటే! ఒట్టు తీసి గట్టున పెట్టు!"

"పెట్టను."

తర్వాత నావ నడిపే సత్తిబాబు గారిని కేకేయడం వినబడింది. తిట్టుకుంటూ బురదలోంచి కాళ్ళు పీక్కోవడం వినబడింది. ఫోన్ కట్టయింది.

మళ్ళీ ఆవిడ చేసేసరికి నేను ఆ ట్యాంకు ముందే కూర్చుని ఉన్నా. నావెక్కిన కాసేపటికే సముద్రం వైపు నుంచి నీళ్ళు ఒక్కసారిగా పొంగి మేటని ముంచేశాయట. ఆవిడ బురదలో పాతిన గుర్తు కర్రలు ఒక్కటీ మిగల్లేదట. నావ ఊగిపోయింది గానీ మడ చెట్ల కొమ్మలు పట్టుకుని నిలబడ్డారు. "సత్తిబాబు గారు కూడా ఇలాంటిది చూళ్ళేదంట," అంది. ఇద్దరం ఏడ్చాం. పీతలు మూతలు ఎప్పుడు తీశాయో నేను చూడనేలేదు.

ఆ నీళ్ళకి కారణం తర్వాత తెలిసింది. ఎక్కడో దూరాన నడిసముద్రంలో లేచిన అలలు, గాలీవానా లేకుండానే ఒడ్డుకి అలా వచ్చి కొడతాయట. అది సైన్సే, నాకేం పేచీ లేదు. నా పీతల సంగతే ఎవరూ చెప్పలేకపోయారు. "ఒక్కసారి జరిగింది డేటా కాదు, కాకతాళీయం," అన్నారు ప్రొఫెసర్. ఇంకెవరైనా వచ్చి చెప్తే నేనూ అదే అంటా. అంతకు ముందు గానీ తర్వాత గానీ అవి మళ్ళీ అలా చేయలేదు. దయ్యాల్ని నేను ఇప్పటికీ నమ్మను.

నా చదువైపోయింది. వర్క్ పర్మిట్ మీద అదే ల్యాబ్‌లో ఉన్నా. ఆ ఒట్టు ఆ ఒక్క రోజుకే కాదు, ఎప్పటికీ అన్నా. తీసెయ్యవే అని పద్మక్క ఎన్నిసార్లు బతిమాలినా తీయలేదు, తీయను. అందుకే మేట మీదకి వెళ్ళే ప్రతి రోజూ, నావ దిగకముందే ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వస్తుంది: "మీవాళ్ళు తలుపులు తీశారా?"

నేను లేచి వెళ్ళి, చూసి, అప్పుడే జవాబిస్తా.