మనవరాలు వెనక్కి తిరిగి చూసింది

ఈ పొద్దున మా వాడకట్టు అంగన్‌వాడీ ముందర తెల్లబండి ఆగింది. చిన్నపిల్లల కండ్లూ చెవులూ కాళ్లూ చేతులూ చూసిపోయే దవాఖాన బండి అది. పాల ప్యాకెట్టు పట్టుకొని ఇంటికి పోవలసినవాణ్ణి, పోకుండా కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల నర్సమ్మ మా పక్కింటి కోడలి ఒడిలో ఉన్న పసివాడి వెనకకు పోయి చిన్న గిలక్కాయ ఆడించింది. వాడు టక్కున తల తిప్పాడు. నర్సమ్మ నవ్వింది, తల్లి నవ్వింది, నేను మాత్రం ఇంకోసారి ఆడించమని కిటికీలోంచి అడిగాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఇట్లాంటి బండే మా పోచంపల్లికి వచ్చింది. దాంట్లోంచి పదిమంది డాక్టర్లు దిగారని నేను చాలామందికి చెప్పి ఉన్నాను. నిజానికి దిగింది ఒక డాక్టరమ్మ, ఒక నర్సమ్మ; మూడో మనిషి డ్రైవరు, అతను దిగనే లేదు. నా ఈడువాళ్లు నన్ను మన్నించాలి, పోగు దొరికితే చాలు చీర నేసే అలవాటు చేతులకే కాదు, నా నోటికి కూడా ఉంది.

అప్పుడు మా బిడ్డ తన కూతురితో మా దగ్గరే ఉండేది. అల్లుడు హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేస్తూ నలుగురితో కలిసి కిరాయి గదిలో ఉండేవాడు, ఆ గదిలోకి ఆలుబిడ్డలను ఎట్లా తీసుకుపోతాడు. మనవరాలికి రెండేండ్లు దాటినా మాట రాలేదు. అల్లుడి తరఫు వాళ్లంతా ఆలస్యంగా మాట్లాడినవాళ్లేనని మా ఇంటామె సర్దిచెప్పేది, మేము సరే అనుకునేవాళ్లం, ఎందుకంటే పిల్ల అంత చురుకైనది. ఆ వయసులోనే నా చీరలకు రంగులు ఏరి ఇచ్చేదని చెప్పుకుంటాను గానీ, ఏరిన దారం నోట్లో పెట్టుకునేది, అంతే. చురుకుదనం మాత్రం నిజం.

అంగన్‌వాడీలో ఆ బండి నర్సమ్మ వెనక నుంచి గిలక ఆడిస్తే పిల్ల చూడలేదట, చప్పట్లు కొట్టినా చూడలేదట. పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. ఆ మాట వినగానే మా ఇంటామె ఊగిపోయి, డాక్టరమ్మను చెయ్యి పట్టి లాగినంత పని చేసి మా ఇంటికి తీసుకొచ్చింది.

"జర మా ఇంట్ల చూసి మాట్లాడు డాక్టరమ్మా. గా గిలక నీకే ముద్దు, మా పిల్లకు దాన్తోటి ఏం పని?"

మాది గుంట మగ్గం. నేల తవ్వి, కాళ్లు ఆ గుంటలోకి దించి నేసేది. ఇల్లంతా మట్టి అలుకు. మనవరాలు నాకు వెనకగా, అటు గోడవైపు మొగం పెట్టి కూర్చొని దారం చుట్టే ఖాళీ కండెలతో ఆడుకుంటున్నది. నేను మీసం మెలేసి డాక్టరమ్మకు సవాలు విసిరానని చెబుతుంటాను. నాకు మీసం ఎన్నడూ లేదు, మోకాళ్ల దాకా గుంటలో ఉన్నవాడి సవాలు ఎవరికి కావాలి. మగ్గం ఆడించాను. ఒక్క దెబ్బ పడిందో లేదో, పిల్ల వెనక్కి తిరిగి చూసింది. ఆపాను, మళ్లీ ఆటలో పడింది. మళ్లీ కొట్టాను, మళ్లీ తిరిగి నవ్వింది. వాకిట్లో చేరిన ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

డాక్టరమ్మ చీటీ మాత్రం వెనక్కి తీసుకోలేదు. మగ్గం లేని దగ్గర పిలిచి చూడాలని, ఎందుకైనా మంచిది పెద్ద దవాఖానకు ఒకసారి పోయిరమ్మని చెప్పి పోయింది. ఆమె పోయాక మా బిడ్డ మెల్లగా నోరు విప్పింది.

"నాయినా, ఒక్కపారి పోయొద్దాం. పోతే పొయ్యేదేమున్నది?"

"పొయ్యేది పిల్ల పేరే!" అన్నది మా ఇంటామె. "దవాఖానకు పోయినమంటె చాలు, రేపటిసంది వాడకట్టంత చెవిటిది అంటరు. పెండ్లి దాక పోదే ఆ పేరు."

బిడ్డ నా వైపు చూసింది. కండ్లారా చూసినవే గదా, ఇంకా ఏం ఫికర్ అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు రవ్వంత అనుమానం కూడా లేదు, ఇందులో ఏ కల్పనా లేదు.

ఏడాది దాటినాక అల్లుడు హైదరాబాదులో మూడో అంతస్తులో వేరే గది తీసుకొని ఇద్దరినీ తీసుకుపోయాడు. కొద్దిరోజులకే బిడ్డ ఫోను.

"నాయినా, కుక్కర్ కూతపెడితె చూస్తలేదు. వెనక నిలబడి గొంతు పొయ్యేదాక పిలుస్తున్న, చూస్తలేదు. ఆడ చూసేది గదా, ఈడ ఎందుకు చూస్తలేదు?"

బస్సెక్కి పోతుంటే దారిలోనే నాకు సంగతంతా తట్టిందని మా వాళ్లకు చెప్పాను. తట్టలేదు. పట్నం దవాఖానలో చెవుల డాక్టరు పిల్లను చూసి, మేము చెప్పిందంతా విని, నన్ను ముందర కూర్చోబెట్టుకొని అడిగితే తెలిసింది.

"మగ్గం కింద గచ్చా పెద్దాయనా, మట్టా?"

"మట్టే సారూ."

"పిల్ల ఎక్కడ కూర్చునేది?"

"ఆ మట్టి మీదనే."

ఆయన నా చెయ్యి బల్ల మీద పెట్టించి, అటు చివర గుద్దాడు. నా మగ్గం కొట్టిన ప్రతి దెబ్బా నేలలోంచి పోయి ఆ పసిదాని ఒంటికి తగిలేది. తాత తట్టాడనుకొని తిరిగి చూసేది. మేము విన్నదనుకున్నాం. నేత ఇండ్లలో తప్ప ఇంకెక్కడా ఇట్లాంటి భ్రమ పుట్టదేమో.

చెవి వెనక మిషను పెట్టారు. దానితో చప్పుడు కొంత తెలుస్తుందని, మాటలు బాగా పట్టుకునే ఈడు మాత్రం చాలావరకు గడిచిపోయిందని డాక్టరు మెత్తగానే చెప్పాడు.  ఆ రోజు మా బిడ్డ బస్టాండు దాకా వచ్చి, బస్సు కిటికీలోంచి అరటిపండ్లు అందించింది. తిట్టినా బాగుండేది.

మనవరాలు ఇప్పుడు పట్నంలో అట్లాంటి పిల్లల బడిలోనే చదువుతున్నది, సెలవులకు మా దగ్గరికి వస్తుంది. నోటిమాట నాలుగైదు ముక్కలే, అవీ తల్లికే అర్థమవుతాయి. కానీ ఫోను ముందర పెట్టుకొని స్నేహితురాలితో చేతులతో మాట్లాడుతుంటే వేళ్లు నిలవవు. ఒకనాడు ఆ పిల్లకు నన్ను చూపించి రెండు చేతులూ బారెడు చాపింది. అదేమిటని బిడ్డను అడిగాను.

"నీ పేరే నాయినా. ఇంతది అంత చేసి చెప్పేటోడని పెట్టింది."

ఎవరు చెప్పారో దానికి!

మా వాడకట్టులో ఇప్పుడు మగ్గాలు తక్కువ, ఉన్నవాటికి కూడా కింద బండలు పరిచారు. పసిపిల్లను దవాఖానకు తీసుకుపోతే పేరు పోతుందనే మాట ఈ పొద్దున ఎవరి నోటా రాలేదు. పక్కింటి కోడలు తానే వరుసలో ముందు నిలబడింది. ఒకప్పుడు నేను కథ ఎత్తుకుంటే పదిమంది పని ఆపి వినేవాళ్లు, కావాలంటే ఇద్దరిని తగ్గించుకోండి. ఇప్పుడు మనవరాలు చెబుతున్నప్పుడు పక్కన కూర్చుంటాను. ఇదిగో, సెలవులకు వచ్చి ఏదో పెద్ద కథే చెబుతున్నది, ఫోనులో అవతలి పిల్ల కడుపు పట్టుకొని నవ్వుతున్నది. మధ్య మధ్య నా పేరు కూడా వస్తున్నది. మిగిలింది నాకు వినపడదు.