అమ్మ చిన్న మెదడు

మా పాప సైన్సు పుస్తకంలో మెదడు బొమ్మ చూడగానే ఈ వయసులోనూ నాకు ఒళ్లు మండింది.

నా ఎనిమిదో ఏట అమ్మ తూలుతూ నడిచేది. మా ఊరు ఎల్లారెడ్డి అంగడిలో జనం, "పొద్దుగాల్నే కల్లు తాగింది" అని నవ్వేవారు. కామారెడ్డిలో డాక్టరు మా బాపుతో, "ఆమెకు చిన్న మెదడు దెబ్బతిన్నది" అన్నాడు. అమ్మకు తెలివి తక్కువని తిట్టాడనుకున్నాను.

"మా అమ్మది కాదు, నీదే చిన్న మెదడు!" అని అరిచాను.

ఆయన నవ్వలేదు. "పెద్ద మెదడు ఆలోచిస్తది బిడ్డా. చిన్నది మనిషిని తూలకుండ నడిపిస్తది. మీ అమ్మ తెలివికేం కాలే."

అంటే అంగడిలో వాళ్లన్న ప్రతి మాటా అమ్మకు అర్థమైంది. ఆమె కూతురినని తెలియకూడదని నేను పదడుగులు ముందు నడిచిన సంగతి కూడా. నవ్వినవాళ్ల మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. నా మీద అసలే తగ్గలేదు.