రోజమ్మ వదిన ద్రాక్ష వైను, నా గొప్ప నాలుక

వారమంతా బ్యాంకులో కూర్చుని, శనివారం వచ్చిందంటే ఎక్కడ కొత్తరకం బీరు పోస్తున్నారు, ఎవరింట్లో ఏం పులియబెట్టారు అని ఆరా తీస్తూ తిరగడం నా అలవాటు. అలా పదేళ్లు తిరిగేసరికి నా నాలుక మీద నాకు గర్వం కూడా పెరిగింది. ఈసారి ప్రయాణానికి ఆ గర్వమే కారణం.

ఒకప్పుడు మా పక్కింట్లో ఉండి, ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లో కాపురముంటున్న రోజమ్మ వదిన శుక్రవారం ఫోన్ చేసింది. వాళ్లది గుంటూరు వైపు. భర్త ఇన్నయ్య అన్న షూటింగులకు సామాన్లు సమకూర్చే మనిషి.

"ఎల్లుండి ఆదివారం మనవరాలి జ్ఞానస్నానం. భోజనాల్లోకి ద్రాక్ష వైను ఎప్పుడూ అత్తయ్యే చేసేది. ఆవిడ పోయాక మొదటిసారి నేను పెట్టాను. చేసిన చెయ్యి ముందు తాగకూడదని మా ఇంటి పద్ధతి. నువ్వొచ్చి రుచి చూసి చెప్పు. బాగోలేదంటే పారబోసి కూల్‌డ్రింకులు తెప్పిస్తా. ఆడపడుచుల ముందు నవ్వులపాలు కాలేను" అంది. పాపం, నిజంగానే భయపడుతోంది.

శనివారం పదకొండింటికి తార్నాకలో మెట్రో ఎక్కాను. పక్క సీటు పెద్దాయన ఎక్కడికని అడిగితే, జూబ్లీహిల్స్‌కి, బీరు తాగడానికి అని ఉన్నమాట చెప్పాను.

"గంత దూరం పోవాల్నా? మా గల్లీల దొరకదా?" అన్నాడాయన.

చెక్‌పోస్ట్ స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే, బీరు అక్కడికక్కడే తయారుచేసి పోసే చోటు ఉంది. మీరు వెళితే పెద్ద గ్లాసు చెప్పకండి. అన్ని రకాలూ చిన్న గ్లాసుల్లో పోసి చెక్కపలక మీద పెట్టి తెస్తారు, అది అడగండి. మామిడి బీరులో పండు వాసనే తప్ప తీపి లేదు. బియ్యం బీరు తేలిక. కాఫీ కలిపిన నల్లది మా ఆఫీసు కాఫీ కంటే చాలా నయం. చింతపండు, మిరియాలు వేసింది అచ్చం చారే, అయినా మళ్లీ అడిగి తాగాను.

రెండింటికి ఆటో ఎక్కాను. డ్రైవర్ వెనక్కి తిరిగి ముక్కు ఎగబీల్చి, "మధ్యాహ్నమే షురూ చేసిన్రా సార్? జర గట్టిగ పట్టుకోండ్రి, ముంగటంతా దిగుడే" అన్నాడు.

వదిన గుమ్మంలోనే నిలబడి ఉంది. మెట్ల కింద డబ్బాలోంచి లేబుల్ లేని పచ్చ సీసా ఒకటి తీసి, గ్లాసులో పోసి, నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. రంగు బ్రహ్మాండం. ఒక గుక్క నోట్లో తిప్పి, కళ్లు మూసుకుని, "వదినా, సారం బాగా దిగింది. చివర్లో కాస్త వగరుంది గానీ అదే దీనికి అందం" అన్నాను.

వదిన మొహం విప్పారింది. ఇంకొకరు తాగారు కాబట్టి తనూ ఒక గుక్క తాగింది. గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"ఇది టీ డికాక్షనయ్యా."

నేను మళ్లీ తాగి చూశాను. టీయే. షూటింగులో వైను సీనుకి చల్లారిన డికాక్షన్‌లో ఎర్రరంగు కలిపి పోస్తారు. అన్న ఆ పనికి తెచ్చే పచ్చ సీసాల్లోనే వదిన తన వైనూ నింపింది. తెల్లారుజామున ఆయన ఒక డబ్బాకి బదులు ఇంకో డబ్బా వ్యాన్‌లో ఎక్కించుకుని పోయాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. షాట్ జరిగేటప్పుడు ఎత్తడట.

"నెల రోజులు రోజూ కలిపానయ్యా దాన్ని" అంటూ వదిన చెప్పులేసుకుంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నాలుగింటికి జూబ్లీహిల్స్‌లో షూటింగులకు ఇచ్చే బంగళా చేరాం. లోపల విందు సీను. తండ్రి వేషం వేసిన పెద్దాయన గ్లాసు ఖాళీ చేసి, "డైరెక్టర్ గారూ, ఇంకొక్కసారి చేద్దామండీ" అంటున్నాడు. వాకిట్లో నిలబడ్డ ఇన్నయ్య అన్న మాతో, "పొద్దున్నుంచీ ఇదే వరస. బాగా వచ్చిన షాట్ కూడా మళ్లీ చేస్తానంటాడు" అని వాపోయాడు.

వదిన సంగతి చెప్పగానే ఆయన నెత్తి పట్టుకున్నాడు. డబ్బా తెరిస్తే ఆరు సీసాల్లో నాలుగు మిగిలాయి. ఈలోగా ఆ నటుడే గ్లాసు పట్టుకుని వచ్చాడు.

"ఇన్నయ్యా, ఇరవయ్యేళ్లుగా నీ చల్లారిన టీ తాగి తూలుతున్నాను. ఇవాళ పోసిందెవరి చేతిదయ్యా?"

ఇన్నయ్య అన్న వదిన వైపు చూపించాడు. నటుడు గ్లాసు ఎడంచేతికి మార్చుకుని ఆమెకు నమస్కారం పెట్టాడు. వదిన గుక్కెడు వైను మూతలో పోసుకుని మెల్లగా తాగింది. "అత్తయ్య దానికంటే పిసరంత పులుపు" అని కొంగుతో కళ్లొత్తుకుంది. "అయినా ఇది నాది."

నాలుగు సీసాలతో ఇంటికి తిరిగొచ్చాం. నాకూ ఒక గ్లాసు పోసింది. ద్రాక్ష, లవంగం, చివర్లో ఆ పులుపు. మధ్యాహ్నం తాగినవన్నీ దీని ముందు దిగదుడుపే. కానీ నా మెప్పు ఇప్పుడెవరికి కావాలి? బయల్దేరేటప్పుడు వదిన సంచిలో ఒక సీసా పెట్టింది. వద్దు, రేపటికి చాలవన్నాను.

"ఇది అది కాదులే. నీకు బాగా నచ్చిందిగా, తీసుకెళ్లు" అంది.

ఆరున్నరకు చెక్‌పోస్ట్ స్టేషన్‌లో గార్డు నా సంచి ఆపాడు. పచ్చ సీసా బయటికి తీసి, మూత తిప్పి, ఒక్కసారి వాసన చూశాడు.

"చాయ్ గదా సార్ ఇది. పోండ్రి."